చేతిరాత ఫాంటు: వంపుల్లో పాయింట్లు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న:
స్కాన్ చేసిన అక్షరాలను ఇంక్‌స్కేప్‌లో (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) ట్రేస్ చేస్తే, అంటే బొమ్మ అంచును దానంతటదే గీతగా మార్పిస్తే, ఒక్క సున్నకే 40కి పైగా పాయింట్లు (వంపు గీతను పట్టి ఉంచే బిందువులు) వస్తున్నాయి. ఫాంట్‌ఫోర్జ్‌లో (ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) తెరిచి చూస్తే అంచంతా గతుకులు. పాయింట్లు తగ్గించే సింప్లిఫై కొడితే ఆకారమే మారిపోతోంది. చేత్తో పెట్టుకుంటే ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

జవాబు 1:
ట్రేస్‌ను బాగుచేయడం దండగ పని. స్కాన్‌ను వెనక లేయర్లో ఉంచి, దాని మీద కొత్తగా గీయండి. వంపు బాగా పైకి, కిందికి, ఎడమకి, కుడికి చేరే చోట ఒక్కో పాయింటు. సున్నకి బయట 4, లోపల 4 చాలు. పైన, కింద ఉన్న పాయింట్లకు హ్యాండిళ్లు (పాయింటు నుంచి బయటికి వచ్చి వంపును లాగే గీతలు) అడ్డంగా, పక్కవాటికి నిలువుగా ఉండాలి. పొడవు వ్యాసార్థంలో దాదాపు 55 శాతం, అంటే 200 యూనిట్లకు 110. పెంచితే సున్న పలకలు తేలుతుంది, తగ్గిస్తే భుజాలు జారిపోతాయి. ఎదురెదురు హ్యాండిళ్ల గీతలు కలిసే చోటు దాటి ఏదీ వెళ్లకూడదు, వెళ్తే అక్కడ బుడిపె లేస్తుంది.

జవాబు 2:
పైది సరే, కానీ నాలుగు పాయింట్ల హ్యాండిళ్లూ సమానంగా పెడితే అది కంపాస్ సున్న అవుతుంది! చేతి సున్న ఒరిగి ఉంటుంది. అందుకని పై పాయింటు ఒక పక్కకి, కింది పాయింటు రెండో పక్కకి జరుగుతాయి, హ్యాండిళ్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చేతిరాత తీరు చూపించాల్సింది అక్కడే, అదనపు పాయింట్లతో కాదు. కలం మొన తిరిగిన చోట మాత్రం కార్నర్ పాయింటే (రెండు హ్యాండిళ్లు వేర్వేరు దిక్కులకు తిరగగలిగేది) పెట్టండి, స్మూత్ చేస్తే మొన మొద్దుబారుతుంది.

ప్రశ్నించినవారు:
పాయింట్లు తగ్గించాక కూడా, సేవ్ చేసి తెరిస్తే ఏటవాలు చోట్ల చిన్న నొక్కులు కనిపిస్తున్నాయి. ఎమ్ సైజు (అక్షరం గీసే చదరం ఎత్తు) 1000 యూనిట్లు.

జవాబు 3:
అది రౌండింగ్ వల్ల. కోఆర్డినేట్లు పూర్ణసంఖ్యలకు సర్దుకునేటప్పుడు ఒక్కో చివర అర యూనిట్ దాకా జరుగుతుంది. 5 యూనిట్ల హ్యాండిల్‌కి ఒక్క చివర అంత జరిగినా దాదాపు 6 డిగ్రీల వంకర, 100 యూనిట్ల దానికి కంటికి ఆనదు. అడ్డం, నిలువు హ్యాండిళ్లకు ఈ బెడద లేదు, రౌండ్ అయినా తిన్నగానే ఉంటాయి. ఏటవాలు పాయింట్లలో పొట్టి హ్యాండిళ్లున్నవి తీసేయండి.

ఫాంట్‌ఫోర్జ్ కమాండ్ల వరస కూడా ముఖ్యం: ముందు రిమూవ్ ఓవర్‌ల్యాప్ (ఒకదాని మీద ఒకటి పడ్డ ఆకారాలను కలిపేది), తర్వాత యాడ్ ఎక్స్‌ట్రీమా (వంపు చివరల్లో పాయింట్లు పెట్టేది), ఆ పైన రౌండ్ టు ఇంట్ (పూర్ణసంఖ్యలకు సర్దేది), చివర కరెక్ట్ డైరెక్షన్ (గీతల దిశ సరిచేసేది). ఓవర్‌ల్యాప్ తీసిన చోట పక్కపక్కనే రెండు పాయింట్లు మిగిలిపోతుంటాయి, జూమ్ చేసి ఒకటి కలిపేయండి. టీటీఎఫ్ (ట్రూటైప్ ఫాంటు ఫైలు) కావాలంటే క్యూబిక్ మూలాన్ని, అంటే ఇప్పుడు గీసిన రెండు హ్యాండిళ్ల వంపుల ఫైలును, అలాగే దాచుకుని కాపీని మార్చండి. టీటీఎఫ్ వాడే క్వాడ్రాటిక్ వంపుల్లో పాయింట్లు పెరుగుతాయి, మళ్లీ దిద్దడం నరకం.