క్లబ్ డబ్బంతా ఒక్క హోలీకా, వారం వారం మీటింగులకా?

కాలేజ్‌అవర్
కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలు) ఇండియన్ స్టూడెంట్ క్లబ్బులన్నీ ఏటా పడే తగువే ఇది. విద్యార్థులు ఎన్నుకున్న స్టూడెంట్ సెనేట్ నుంచి ఏడాదికి 1200 డాలర్లు వచ్చాయనుకుందాం. వసంతంలో 200 మందితో ఒక్క హోలీ చేసి చేతులు దులుపుకోవాలా, ఆ డబ్బుతో ఏడాది పొడుగునా చిన్న చిన్న మీటింగులు నడపాలా?

నా ఓటు మీటింగులకే. ఈ కాలేజీల్లో చాలావాటికి హాస్టళ్లు ఉండవు. పిల్లలు కారులోనో బస్సులోనో వస్తారు, క్లాసు కాగానే పనికో ఇంటికో పోతారు. మధ్యాహ్నం క్లాసులు పెట్టకుండా వదిలే ఆ ఒక్క గంటే (కాలేజ్ అవర్) నలుగురూ దొరికే సమయం. హోలీకి వచ్చి రంగు పూసుకుని, ఫొటో దిగి వెళ్లినవాడు మళ్లీ క్లబ్ మొహం చూడడు. 20 మందికి ప్యాకెట్ చిరుతిళ్లు, జ్యూసు కలిపి తలకి 3 డాలర్లు వేసుకున్నా మీటింగుకి 60. సెమిస్టర్‌కి 8 చొప్పున ఏడాదికి 16 మీటింగులు, 960 డాలర్లు. ఇంకా 240 చేతిలో ఉంటుంది.

రంగులరాట్నం
ఆ 20 మంది కాగితం మీద బాగానే ఉంటారండీ. మిడ్‌టర్మ్స్ మొదలయ్యాక ఆ గదిలోకి తొంగి చూడండి. ఆరుగురుంటే గొప్ప, అందులో ఐదుగురు ఆఫీసర్లే. మీ 60 డాలర్ల చిప్స్ వాళ్లే బ్యాగుల్లో వేసుకుపోతారు.

రెండేళ్ల కాలేజీ అన్న సంగతి మర్చిపోకండి. ప్రతి జూన్‌కి సగం కమిటీ నాలుగేళ్ల యూనివర్సిటీలకి ట్రాన్స్‌ఫరై వెళ్లిపోతుంది. వచ్చే ఏటి ప్రెసిడెంటు, ట్రెజరర్ ఎక్కణ్ణుంచి రావాలి? హోలీ రోజు టేబుల్ దగ్గర చేతికి బ్యాండ్లు కట్టిన ఫస్టియర్ పిల్లల్లోంచే. వచ్చినవాళ్లందరితో క్యూఆర్ కోడ్ ద్వారా పేరు, ఈమెయిల్, రెండేళ్లలో ఏ ఏడో నింపించి, ఏదైనా జరిగితే బాధ్యత నాదేననే పూచీ పత్రం మీద సంతకం అయ్యాకే బ్యాండ్ ఇస్తే ఒక్క మధ్యాహ్నంలో 200 పేర్ల జాబితా చేతికొస్తుంది. మీ 16 మీటింగుల్లో అన్ని పేర్లు రావు.

ఖర్చు కూడా చెప్తాను. రంగు తలకి అర పౌను చాలు, మొత్తం 100 పౌన్లు. 25 పౌన్ల పెట్టెలు నాలుగు. పౌను రెండున్నర డాలర్ల దగ్గర పట్టినా 250. తిండి తలకి మూడున్నర, 700. మిగిలిన 250 మైకుకి, శుభ్రానికి. సరిగ్గా 1200.

మినిట్స్‌రాసేవాడు
ఇద్దరి లెక్కల్లోనూ డబ్బుంది, తేదీలు లేవు. క్లబ్బులు బోర్లాపడేది తేదీల దగ్గరే.

కాలిఫోర్నియా ఎడ్యుకేషన్ కోడ్ 76063వ సెక్షన్ చూడండి. విద్యార్థి సంఘం నిధుల్లోంచి ఖర్చుపెట్టే ముందు ప్రతిసారీ ముగ్గురి ఆమోదం ఉండాలి: డిస్ట్రిక్ట్ (కాలేజీని నడిపే పాలక సంస్థ) నియమించిన ఉద్యోగి, సంఘానికి అడ్వైజర్‌గా ఉన్న ఉద్యోగి, విద్యార్థుల ప్రతినిధి. సొంత కార్డు గీకి రంగు పెట్టెలు కొనేసి, రసీదు పట్టుకుని ఆఫీసుకెళ్తే డబ్బు తిరిగి రాకపోవడానికి కారణం ఇదే. ఆఫీసులో కూర్చున్నావిడ కక్ష కట్టి కాదు.

ఆ పైన బ్రౌన్ యాక్ట్, అంటే బహిరంగ సమావేశాల చట్టం. సెనేట్ రెగ్యులర్ మీటింగుకి 72 గంటల ముందు అజెండా అతికించాలి. అందులో లేని విషయం మీద ఓటు కుదరదు. మీ 1200 సోమవారం మీటింగు అజెండాలో ఉండాలంటే శుక్రవారం ఆ వేళకల్లా అజెండా బోర్డెక్కి ఉండాలి, అంటే మీ కాగితం అంతకన్నా ముందే వాళ్లకి చేరాలి. తప్పిందా, తర్వాతి మీటింగు దాకా ఆగాలి. రెండు వారాలకోసారి కూర్చునే సెనేట్ అయితే అర్ధ నెల పోయినట్టే. ముందు ఫైనాన్స్ కమిటీ, ఆ తర్వాత సెనేట్ అన్న పద్ధతి ఉంటే నెల.

కేటరర్ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ ఇంకో గొయ్యి. అందులో అదనపు బీమాదారుగా కాలేజీ పేరు వేయించి తెస్తారు. ఉండాల్సింది డిస్ట్రిక్ట్ చట్టబద్ధమైన పూర్తి పేరు. వెనక్కి పంపుతారు, కేటరర్ ఏజెంటుకి ఫోన్ చేసి మళ్లీ తెప్పించేసరికి వారం.

సెమిస్టర్ కాలేజీలో 8 వారాల ముందు మొదలుపెడితే ఇదంతా పడుతుంది. డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి, సెమిస్టర్లకి బదులు చిన్న క్వార్టర్లు నడిపే కాలేజీల్లో ఫైనల్స్‌తో కలిపి ఉండేదే 12 వారాలు. హోలీ వచ్చే మార్చి అక్కడ వింటర్ క్వార్టర్ చివరి నెల, పైగా బే ఏరియాలో వానలు. ఏప్రిల్‌కి జరుపుకోండి, జనవరిలోనే కాగితాలు వేయండి.

శాన్‌రామన్ అమ్మ
ఇంత తతంగం ఎందుకు బాబూ? నలుగురు తల్లులం కలిస్తే 200 మందికి పులిహోర, దద్దోజనం ఇంట్లోనే చేసి పంపేస్తాం. బియ్యం, చింతపండు, పోపు సామాను కలిపి వంద డాలర్లు దాటదు. ఆ 700 ఎందుకు తగలెయ్యడం? పులిహోర మర్నాటికి కూడా చెక్కుచెదరదు.

లడ్డూలెక్క
అమ్మా, మీ చేతి పులిహోర బాగుంటుందనడంలో సందేహం లేదు. కానీ అందరికీ తెరిచిన ఈవెంట్‌లో పెట్టే తిండికి కౌంటీ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్ల టెంపరరీ ఫుడ్ పర్మిట్ అడుగుతారు. ఇంటి వంటింట్లో చేసిన అన్నం అక్కడ పెట్టకూడదు. లాభాపేక్ష లేని సంస్థల స్టాళ్లకి త్వరగా చెడిపోని కేకులు, కుకీల్లాంటి బేకరీ సరుకు వరకే మినహాయింపు. జంతికలు నూనెలో వేగేవి కాబట్టి దాని కిందకి వస్తాయో రావో కౌంటీని అడిగి రాతలో తీసుకోవడం మేలు.

అన్నంతో చిక్కేమిటంటే, బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తులు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. చింతపండు పులుపు కొంత అడ్డుపడుతుంది, నిజమే. కానీ తెల్లవారుజామున నాలుగింటికి వండి మూతపెట్టిన పెద్ద గిన్నెలో పులుపు అంతటా ఒకేలా పట్టదు. ఇన్‌స్పెక్టర్ రుచి చూడడు, థర్మామీటర్ గుచ్చుతాడు. వేడిది 135 ఫారెన్‌హీట్‌కి తగ్గకూడదు, చల్లది 41 దాటకూడదు. పులిహోర మనం తినేది ఆ రెంటికీ మధ్యనే! దద్దోజనం సంగతి ఇక చెప్పక్కర్లేదు.

కేటరర్ దగ్గర తీసుకునేవాళ్లకి ఇంకో మాట. ఫుల్ ట్రే 50 మందికి వస్తుందని చెప్తారు. అది నాలుగు ఐటమ్స్ ఉన్నప్పటి లెక్క. బిర్యానీ ఒక్కటే పెడితే 30 మందికే గిన్నె అడుగు కనిపిస్తుంది. గరిటె వాలంటీర్ చేతిలో ఉండాలి, తినేవాళ్ల చేతికివ్వకూడదు. కింద స్టెర్నో డబ్బా (చిన్న మంట ఇచ్చే జెల్ ఇంధనం) వెలిగిస్తే చల్లారిన కూర వేడెక్కుతుందనుకోవద్దు. వేడిగా వచ్చిన దాన్ని వేడిగా ఉంచడమే దాని పని. అడుగు ట్రేలో ముందే మరిగే నీళ్లు పోసి పెట్టాలి. హాల్లో మంట పనికిరాదని కాలేజీ అంటే కరెంటు వార్మర్లు తెచ్చుకోండి. రెండు వార్మర్లు ఒకే ప్లగ్గు లైనుకి తగిలిస్తే బ్రేకర్ పడిపోతుంది.

రంగులరాట్నం
అయితే హోలీకి అన్నమే వద్దు. సమోసా ఒక్కొక్కటి, సీలు వేసిన మ్యాంగో జ్యూసు. రంగు చేతులతో ప్లేటు పట్టుకుని తినేదెవరు?

గడ్డిలోనిప్పు
తిండి గురించి ఇంత మాట్లాడుకున్నారు, రంగు ఊసే లేదు. అసలు ప్రమాదం అక్కడుంది. ఇక్కడ అమ్మే రంగు ఎక్కువగా మొక్కజొన్న పిండే. కుప్పగా ఉన్నంతసేపు ఏమీ కాదు. గాల్లోకి దట్టంగా లేచి నిప్పు తగిలితే మాత్రం భగ్గుమంటుంది. 2015 జూన్ 27న తైవాన్‌లోని ఒక వాటర్ పార్కులో స్టేజీ మీంచి చిమ్మిన రంగుపొడికి అలాగే అంటుకుని 15 మంది చనిపోయారు, సుమారు 500 మంది గాయపడ్డారు. కాబట్టి గ్యాసుతో చిమ్మే గొట్టాలు, లీఫ్ బ్లోయర్లు, వేడెక్కే స్టేజీ లైట్లు ఏవీ వద్దు. పైన చెప్పిన స్టెర్నో మంట రంగు ఆడే చోటికి దగ్గర్లో ఉండనే కూడదు. తిండి టేబుళ్లు గాలి ఎటు నుంచి వస్తుందో అటువైపు, దూరంగా.

చోటు పచ్చిక అయి తీరాలి. కాంక్రీటు మీద రంగు తడిస్తే మరక పడుతుంది, బిల్లు క్లబ్‌కి వస్తుంది. గ్రౌండ్స్ వాళ్లకి చెప్పి ముందు రాత్రి, ఆ తెల్లవారుజామున స్ప్రింక్లర్లు ఆపించండి. తడి గడ్డి మీద పిండి పడితే జారుడుబండే. అయ్యాక ముందు పొడిగా ఊడ్చి సంచుల్లో కట్టాలి, ఆ తర్వాతే నీళ్ల మాట. ఆ నీళ్లు రోడ్డు పక్క వాన కాలువలోకి పోనివ్వకూడదు. అది శుద్ధి లేకుండా నేరుగా వాగుల్లోకి, బేలోకి వెళ్తుంది.

శని, ఆదివారాల్లో పెడితే కస్టోడియన్ (శుభ్రం చేసే సిబ్బంది) ఓవర్‌టైము కూడా క్లబ్ నెత్తినే వేసే కాలేజీలున్నాయి, అది కనీస గంటల చొప్పున. రంగులరాట్నం గారూ, మీ 250లో మైకు పోగా మిగిలేది దానికి చాలదు.

శాన్‌రామన్ అమ్మ
సరే, వంట సంగతి వదిలేశాను. మా అబ్బాయి యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ట్రాన్స్‌ఫర్ అవ్వాలి. ఈ రెండింటిలో వాడికి ఏది పనికొస్తుంది? అసలు ఈ క్లబ్బుల గోలే లేకుండా జీపీఏ చూసుకుంటే పోదా?

అసిస్ట్‌చూశారా
ఎక్కడికి అన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) అయితే క్లబ్బులు అడగరు. కోర్సులు, జీపీఏ చూస్తారు. యూసీలో టాగ్ (షరతులు తీరిస్తే సీటు ఖాయమనే ఒప్పందం) ఉన్నవి ఆరు: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. టాగ్‌కి సెప్టెంబర్‌లోనే వేయాలి. అక్కడా లెక్క కోర్సులది, యూనిట్లది, జీపీఏదే. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగోలకి టాగ్ లేదు. అక్కడే కార్యకలాపాలకి విలువ. అప్లికేషన్‌లో 20 దాకా నమోదు చేయొచ్చు, ఒక్కోదానికి వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. దాంతోపాటు 350 పదాలకి మించని జవాబులు నాలుగు రాయాలి.

ఇప్పుడు కేలండర్ చూడండి. అప్లికేషన్ పంపేది రెండో ఏడు అక్టోబర్ నుంచి నవంబర్ ఆఖరు లోపల. హోలీ మార్చి, ఏప్రిల్‌లో. రెండేళ్లలో వెళ్లిపోయే పిల్లాడు రెండో ఏడు చేసిన హోలీ ఆ అప్లికేషన్‌లోకి ఎక్కదు! మొదటి ఏటి హోలీకి వాడు ప్రెసిడెంటు కాడు, బ్యాండ్లు కట్టినవాడు. అదే సెప్టెంబర్ నుంచి ప్రతి వారం కాలేజ్ అవర్‌లో అసిస్ట్ వెబ్‌సైట్ తెరిచి, ఏ కోర్సు ఏ యూసీలో దేనికి సరిపోతుందో కొత్తవాళ్లకి చూపిస్తే వారాలూ గంటలూ నిజంగా ఉంటాయి.

రంగులరాట్నం
కేలండర్ మాట ఒప్పుకుంటాను. కానీ అప్లికేషన్ కోసమే క్లబ్ నడపడం నాకు నచ్చదు. సగం మందికి ట్రాన్స్‌ఫర్ ఆలోచనే ఉండదు. నర్సింగ్ చేసేవాళ్లుంటారు, ఆటో టెక్ వాళ్లుంటారు, ఉద్యోగం చేస్తూ రెండు క్లాసులు తీసుకునే 40 ఏళ్ల ఆవిడుంటుంది. వాళ్లని అసిస్ట్ చూడ్డానికి రమ్మంటే వస్తారా? దీపావళో హోలీయో అంటే వస్తారు. పండగని చిన్నచూపు చూడకండి.

కాలేజ్‌అవర్
పండగ వద్దని నేననలేదు, డబ్బంతా దానికే వద్దంటున్నాను. మీ ఆరుగురి లెక్కకి కూడా కారణముంది. ఏం చేస్తారో చెప్పకుండా జనరల్ మీటింగ్ అని పోస్టర్ వేస్తే ఎవరొస్తారు? మొదటి వారం సెకండ్‌హ్యాండ్ పుస్తకాల మార్పిడి, మూడో వారం టాగ్ ఫారం నింపడం, అక్టోబర్ ఆఖర్లో 350 పదాల జవాబులు ఒకరివొకరు చదువుకుని దిద్దుకోవడం. ఏ వారానికావారం పనుండాలి. సినిమా నైట్ అనే సులువు దారి మాత్రం తొక్కొద్దు. సొంత నెట్‌ఫ్లిక్స్ ఖాతాతో క్లబ్ షో వేయడం కుదరదు, బహిరంగ ప్రదర్శన లైసెన్సు కొనాలి. క్లాసులో పాఠంలో భాగంగా చూపించేదానికి ఉన్న మినహాయింపు క్లబ్‌కి వర్తించదు.

పోనీ, మీటింగులకి 700, హోలీకి 500. హోలీ 80 మందికి కుదించి, నేపాలీ క్లబ్‌నో డ్యాన్స్ క్లబ్‌నో కలుపుకుంటే?

రంగులరాట్నం
80 మంది హోలీ అంటే అపార్టుమెంటు హోలీ. 120కి తగ్గను. రంగు 60 పౌన్లు, 150 డాలర్లు. సమోసా, జ్యూసు తలకి రెండున్నర, 300. మిగిలిన 50తో మైకెలా వస్తుంది? అది ఆ క్లబ్ వాళ్లే చూసుకోవాలి.

మినిట్స్‌రాసేవాడు
కలిపి చేసేటట్టయితే ఒకే బిల్లుని రెండు క్లబ్ ఖాతాల మధ్య చీల్చొద్దు. రెండు అజెండాలు, రెండు ఓట్లు, రెండు చోట్లా ముగ్గురేసి సంతకాలు. ఒక క్లబ్ మీటింగుకి కోరం లేకపోతే రెండో క్లబ్ చెక్కు కూడా ఆగుతుంది. తిండి బిల్లు పూర్తిగా మీ పేరున, మైకు బిల్లు పూర్తిగా వాళ్ల పేరున వేయించండి. మైదానం బుకింగ్ ఫారం మీద ఒక్క క్లబ్ పేరే పెట్టండి. మరకల బిల్లు దాని పేరునే వస్తుంది కాబట్టి ఆ క్లబ్ ఏదో ఇప్పుడే తేల్చుకోండి. చిల్లర విరాళాలు వస్తే ఎవరి సొంత వెన్మో (ఫోన్‌లో డబ్బు పంపే యాప్) ఖాతాలోనూ వేయొద్దు. ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేసి, అదే రోజు స్టూడెంట్ అకౌంట్స్ కిటికీలో కట్టేయండి. కిటికీ సాయంత్రం దాకా ఉండదు, కాబట్టి హోలీ మధ్యాహ్నం రెండింటికల్లా ముగించండి.