పదిహేనేళ్ల వయసులో కాలర్ బోన్ విరిగితే: ప్లేటా, స్లింగా?

నిర్వాహకుడు: కాలర్ బోన్ నడిమి భాగంలో విరిగి, ముక్కలు పూర్తిగా తప్పుకుని ఒకదానిమీదొకటి ఎక్కిన 12–17 ఏళ్ల పిల్లల గురించే ఈ చర్చ. ఆపరేషన్ చేసి ప్లేటు (ఎముక మీద స్క్రూలతో బిగించే లోహపు పలక) వేయాలా, స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) వేసి దానంతటదే అతకనివ్వాలా అన్నదే ప్రశ్న. ఎముక బయటికొచ్చినా, చేతికి రక్తం అందకపోయినా, ఎముక మొన లోపలినుంచి పొడిచి చర్మం తెల్లబడినా ఆపరేషన్ తప్పదు. ఆ కేసుల్ని ఈ చర్చలోకి తేవద్దు.

ట్రామా_విశాఖ: ముక్కలు ఎక్కి ఎముక 2 సెం.మీ. కన్నా ఎక్కువ కురచైతే నా మాట ప్లేటే. 2007లో కెనడా సర్జన్లు చేసిన ట్రయల్ చూడండి. స్లింగ్‌తో వదిలేసిన 49 మందిలో ఏడుగురికి అతకలేదు, ప్లేటు వేసిన 62 మందిలో అతకనిది ఇద్దరికే. అతకడానికి పట్టిన సమయం సగటున 28 వారాలకు బదులు 16. వంకరగా అతికి బాధపెట్టిన కేసులు స్లింగ్ జట్టులో తొమ్మిది, ప్లేటు జట్టులో ఒక్కటీ లేదు.

పిల్లల_ఆర్థో: విశాఖ గారూ, ఆ ట్రయల్‌లో చేరినవారి వయసు 16 నుంచి 60. మీరన్న 2 సెం.మీ. గీత కూడా 1997లో పెద్దవాళ్ల కేసులు చూసి గీసిందే. దాన్ని పద్నాలుగేళ్ల వాడి ఎక్స్‌రే మీద పెట్టి కొలవడం ఏం న్యాయం? ఈ వయసులో పెరియోస్టియం, అంటే ఎముకను కప్పి ఉండే పొర, మందంగా ఉంటుంది, ముక్కలు తప్పుకున్నా చాలాసార్లు ఒక పక్క తెగకుండా నిలిచి అతుకుకి దారి చూపిస్తుంది. అమెరికాలో పలు ఆసుపత్రులు కలిసి 10–18 ఏళ్ల పిల్లల్ని, అదీ పూర్తిగా తప్పుకున్న కేసుల్నే, నాలుగు వందలమందికి పైగా గమనించి 2022లో ఫలితాలు ప్రచురించాయి. రెండేళ్ల తర్వాత భుజం పనితీరులో ప్లేటుకీ స్లింగ్‌కీ తేడా కనబడలేదు. ఎవరికి ఏ వైద్యమో చీటీలు వేసి పంచిన ట్రయల్ కాదది, ఒప్పుకుంటాను. పెద్ద పిల్లలు, ఎక్కువ ముక్కలైనవాళ్లు ఆపరేషన్ వైపు మొగ్గారు.

ఇంకోటి మన పక్షానికే చెప్పాలి. "పెరిగే వయసు, ఎముక దానంతటదే సాపవుతుంది" అని పదహారేళ్ల వాడి తండ్రికి చెప్పడం అతి. ఈ ఎముక పెరుగుదలలో దాదాపు 80 శాతం ఆడపిల్లలకు 9, మగపిల్లలకు 12 ఏళ్లకే అయిపోతుంది. కురచదనం కొంత మిగులుతుంది, బుడిపె కూడా. అయినా చెయ్యి పనిచేస్తుంది.

ఇంప్లాంట్_బల్ల: ప్లేటు అంటే ఒక్క కోతతో తీరేది కాదు. విరుపుకి ఇటు మూడు, అటు మూడు స్క్రూలు కనీసం పట్టాలి. పైనుంచి వేస్తే డ్రిల్లు మొన కాలర్ బోన్ కిందుగా పోయే సబ్‌క్లేవియన్ రక్తనాళాల వైపు దిగుతుంది, అందుకే ఎముక అవతలి గోడ దాటిన క్షణం ఆపాలి. ముందువైపు వేస్తే ఆ భయం కొంత తక్కువ, బ్యాగు పట్టీ ఒరుసుకోవడమూ తక్కువ. ఎముకమీదుగా పోయే సన్నటి నరాలు తెగితే కోత కింద ఛాతీ మొద్దుబారుతుంది. సన్నటి పిల్లలకి ప్లేటు చర్మం కింద చేతికి తగులుతుంది, తీయించుకోవాలంటే రెండో ఆపరేషన్. తీశాక స్క్రూ రంధ్రాల దగ్గర ఎముక కొన్నాళ్లు బలహీనం, ఆ దశలో కబడ్డీ ఆడితే మళ్లీ విరగొచ్చు.

ఎలాస్టిక్ నెయిల్ (ఎముక లోపలికి దూర్చే, వంగే సన్నటి కడ్డీ) చిన్న కోతతో అయిపోతుంది గానీ ముక్కలు ఎక్కువైతే నిలబడదు. మొన చర్మాన్ని పొడుస్తుంది.

ఫిజియో_వరంగల్: స్లింగ్ దారి ఎంచుకున్నారంటే ఇంట్లో ఇలా చూసుకోవాలి. మామూలు స్లింగ్ చాలు. వీపు వెనక ఎనిమిది ఆకారంలో బిగించే పట్టీ ముక్కల్ని సరిగ్గా కూర్చోబెట్టదు, పైగా చంకలో ఒరిపిడి. 1987 నాటి పోలికలోనే స్లింగ్‌కి అసౌకర్యం తక్కువని తేలింది. మొదటి రోజునుంచే వేళ్లు, మణికట్టు, మోచెయ్యి కదపాలి. నొప్పి తగ్గగానే ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలా ఊపించాలి. భుజం ఎత్తుకు మించి లేపడం నాలుగు వారాల దాకా వద్దు. ఆరో వారం ఎక్స్‌రేలో అతుకు కనబడి, నొక్కితే నొప్పి లేకపోతే బరువులు మెల్లగా మొదలు. ఢీకొట్టుకునే ఆటలు మూడు నెలల తర్వాతే. పడుకునేటప్పుడు వీపు కింద దిండ్లు పెట్టి సగం కూర్చున్నట్టు పడుకుంటే మొదటి వారం గడుస్తుంది.

తండ్రి_చిత్తూరు: మావైపు పుత్తూరు కట్టు కట్టించమంటారు. పనికొస్తుందా అండీ?

పిల్లల_ఆర్థో: చేతికీ కాలికీ వెదురు బద్ద పట్టినట్టు కాలర్ బోన్‌కి పట్టదండీ, చుట్టూ బిగించే చోటే లేదు. కట్టించినా అతికేది ఎముక తన గుణం కొద్దీనే. ఎక్స్‌రే లేకుండా గట్టిగా తోమించడం మాత్రం వద్దు. చేతిలో తిమ్మిరి, వేళ్లు చల్లబడటం, ఊపిరి ఇబ్బంది ఉంటే వెంటనే ఆసుపత్రికి.

ట్రామా_విశాఖ: పద్నాలుగేళ్లకి మీ మాటే ఒప్పుకుంటా. పదిహేడేళ్ల వాడికి, నడిమి ముక్క అడ్డంగా నిలబడి ఉంటే ఒప్పుకోను, వాడి ఎముక దాదాపు పెద్దవాళ్లదే. కొలత కూడా నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలోనే తీయండి, పడుకోబెట్టి తీస్తే తప్పుకోవడం తక్కువగా కనబడుతుంది. ఒకటి నేరుగా, ఒకటి ఎక్స్‌రే గొట్టం తలవైపు వంచి తీయాలి.

పిల్లల_ఆర్థో: అతకని కొద్దిమందికి తర్వాతైనా ప్లేటు వేయొచ్చు కదా? మూడు నెలలు దాటినా నొప్పి తగ్గక, ఎక్స్‌రేలో అతుకు జాడ లేకపోతే సీటీ తీసి చూద్దాం. కొద్దిమంది కోసం అందర్నీ ముందే కోయడమెందుకు?

ట్రామా_విశాఖ: అప్పటి ఆపరేషన్ వేరండీ. మధ్యలో పేరుకున్న నార తీయాలి, అవసరమైతే తుంటి నుంచి ఎముక తెచ్చి నింపాలి. మొదటి వారంలో చేసే పనికీ దీనికీ పోలికే లేదు. ఆ తేడా తల్లిదండ్రులకి ముందే చెప్పి, అప్పుడు స్లింగ్ ఇవ్వండి.