నెలకు 20 వేలు, మూడు అప్పులు: గిరిగిరి, చిట్టీ, బంగారంల ముందు ఏది చూడాలె?

జేపీఎన్ రోడ్ (ప్రశ్న)

వరంగల్ జేపీఎన్ రోడ్డుల బట్టల షాపుల పని, చేతికి 16,000 వస్తయి. ఇంట్ల జాకెట్లు కుడితే ఇంకో 4,000. ఇద్దరు పిల్లలు, బిడ్డకు ఆరేండ్లు. రేషన్ కార్డు ఉన్నది.

కిరాయి 4,500. కిరాణం, కూరగాయలు, పెట్రోలు, ఫోన్లు కలిపి 9,300. గిరిగిరి (రోజువారీ ఫైనాన్స్ అప్పు) రోజుకు 100: రాసింది 10,000, చేతికిచ్చింది 8,500, వంద రోజుల కార్డు, ఇంకా 60 రోజులున్నయి. కాలనీల 50,000 చిట్టీ, 25 మంది, 25 నెలలు. తొమ్మిదో నెల నడుస్తుంది, ఇంకా ఎత్తలేదు, నెలకు 1,700 దాక పడుతుంది. బ్యాంకుల బంగారం కుదువ పెట్టి 40,000 తెచ్చినం, మిత్తి ఏడాదికి 9.5 శాతం. అన్నీ పోంగ 1,500 మిగులుతయి. జూన్‌ల ఫీజులు, పుస్తకాలు 12,000, దసరకు 6,000. ఆ రెండు సార్లు మళ్ల గిరిగిరే దిక్కయితుంది.

మిగిలే 1,500 గిరిగిరికి కట్టి తొందరగ వదిలించుకోవాల్నా? చిట్టీ ఎత్తి బంగారం విడిపియ్యాల్నా?

లెక్కల పద్దు

అన్నా, గిరిగిరి ముందుగా కట్టకండి. మిత్తి 1,500 మొదటి రోజే కోసుకున్నారు కాబట్టి ముందు కట్టినా రూపాయి తగ్గదు. తగ్గిస్తామని రాసిస్తే తప్ప రోజుకు వంద చొప్పునే పోనివ్వండి.

దాని అసలు రేటు తెలుసుకోవాలి. 8,500 తీసుకుని రోజూ 100 కడుతుంటే అసలు కూడా రోజూ తగ్గుతూ ఉంటుంది, సగటున మీ దగ్గర ఉండేది అందులో సగమే. అలా లెక్క కడితే నూటికి నెలకు దాదాపు పది రూపాయల మిత్తి. బ్యాంకు బంగారం మీద పడేది నూటికి 80 పైసలు.

అసలు మోసపోయేది కొత్త కార్డు దగ్గర. వంద రోజుల కార్డులో అరవై రోజులు కట్టాక వచ్చి "పాతది కొట్టేసి కొత్తది రాస్తం" అంటారు. 10,000 రాసి, అందులో 1,500 మిత్తి, పాత బాకీ 4,000 పట్టుకుంటే చేతికొచ్చేది 4,500. ఆ 4,500 కోసం 1,500 పోయినట్టు. మిగిలిన ఈ 60 రోజుల్లో ఎన్నిసార్లు అడిగినా కార్డు మార్చకండి. పూర్తయ్యాక "బాకీ లేదు" అని కార్డు మీద రాయించి, ప్రామిసరీ నోటు ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి.

కార్డు పూర్తయిన మర్నాటి నుంచి అదే వంద గల్లగురిగిలో వేయండి. చేయి ఎలాగూ అలవాటు పడింది.

సంఘం అక్క

పై లెక్క సరే గని, గిరిగిరి ఎందుకు తెస్తున్నరో అది పట్టుకోవాలె తమ్మీ. ఫీజులు 12,000, దసర 6,000, బంగారం మిత్తి 3,800, ఇద్దరికి ఇన్సూరెన్స్ 912. మొత్తం 22,712, అంటే నెలకు 1,900. మీకు మిగిలేది 1,500. ఏడాది తిరిగే వరకు 4,700 తక్కువ పడుతుంది, గిరిగిరి ఆ సందుల్నుంచే వస్తుంది. జూన్, దసర ఎప్పుడొస్తయో అందరికి ఎరుకే కదా! మేడారం జాతర ఉన్న ఏడాది ఇంకింత కలుపుకోవాలె.

కార్డు ఒడిసినంక మీకు నెలకు 4,500 మిగులుతది. అందుల 1,900 ఈ ఖర్చులకని వేరే ఖాతల వెయ్యుండ్రి, ఏటీఎం కార్డు లేని ఖాతయితే ఇంకా మంచిది. మిగిలిన 2,600 ఆరు నెలలేస్తే 15,000 దాటుతయి. అది జ్వరాలకు, జీతం ఆలస్యానికి. దాన్ని చీరలకు ముట్టొద్దు.

ఇంటామె మహిళా సంఘంల లేకుంటే చేర్పియ్యుండ్రి. పట్నంల మెప్మా వాళ్లు చూస్తరు. సంఘం అప్పు మిత్తి నూటికి రూపాయి లోపే పడుతది. అయితే ఒక్కలు కట్టకపోతే గ్రూపు మొత్తానికి కొత్త లోను ఆగుతది, అందుకే ఎవరితోని కలుస్తున్నరో చూసుకోవాలె.

కరెంటు మీటరు కూడ చూసుకుంట ఉండుండ్రి. గృహజ్యోతి ఉచిత కరెంటుల 200 యూనిట్లు దాటిన నెల బిల్లు మొత్తం కట్టుడే.

రిజిస్ట్రీ గల్లీ

చిట్టీ సంగతి. ఈ నెల 12,500 పాటకు ఎత్తితే 37,500 వస్తుంది. చివరిదాకా ఆగితే ఐదు శాతం కమీషన్ 2,500 పోను 47,500. తేడా 10,000. ఆ 37,500 బంగారానికి కడితే 16 నెలల్లో మిగిలే మిత్తి 4,750. అంటే ఇప్పుడు ఎత్తడం నష్టం.

కానీ కాలనీ చిట్టీ అన్నారు. అది రిజిస్టర్ అయిందా? 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ మొదలుపెట్టక ముందే అనుమతి తీసుకోవాలి, చిట్టీ మొత్తానికి సమానమైన జమానతు రిజిస్ట్రార్ పేరున ఉండాలి. అది లేని చిట్టీలో చివరిదాకా ఆగినవాళ్లదే ఎక్కువ ప్రమాదం. నడిపే మనిషి ఊరు విడిచిపోతే ముందే ఎత్తినవాళ్లకు పోయేదేమీ లేదు.

అందుకని పాట 6,000 దాకా దిగేవరకు ఆగండి. పది నెలలు మిగిలి ఉండగా అలా ఎత్తితే 44,000 వస్తుంది. చివరిదాకా ఆగడంతో పోలిస్తే తగ్గేది 3,500, బంగారం 40,000 మీద ఆ పది నెలల్లో మిగిలే మిత్తి దాదాపు 3,170. దాదాపు సరికి సరి, భయం ఉండదు, బంగారం ఇంటికొస్తుంది. ఎత్తేటప్పుడు ఖాళీ చెక్కు ఇవ్వకండి, కట్టాల్సిన మొత్తం రాసే ఇవ్వండి.

జేపీఎన్ రోడ్

రిజిస్టర్ కాలేదు, నోటుబుక్కుల రాస్తరు. ఇప్పుడే ఆపేస్తే కట్టినయి వస్తయా?

రిజిస్ట్రీ గల్లీ

మామూలుగా చివరి నెల దాకా ఇవ్వరు, ఇచ్చినా కోత పెడతారు. ఆపడం కన్నా మీ స్థానంలో ఇంకొకరిని చూపించడం నయం. ఏదైనా సరే, ప్రతి నెలా ఫోన్‌పేతోనే కట్టి "చిట్టీ, ఫలానా నెల" అని రాయండి. నోటుబుక్కు వాళ్ల దగ్గర ఉంటుంది, ఈ రుజువు మీ దగ్గర ఉంటుంది.

కాజీపేట్ జంక్షన్

అందరూ అప్పుల గురించే చెప్పారు. షాపులో పది మంది ఉంటే ఈఎస్ఐ రావాలి, జీతం 21,000 లోపే కదా. 16,000 మీద నెలకు మీరు కట్టేది 120, యజమాని కట్టేది 520. ఇంటిల్లిపాదికి వైద్యం. అర్హత ఉంటే, జబ్బు పడినప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. అందులో మీ పేరు లేదంటే 15,000 నిల్వ ఒక్క టైఫాయిడ్‌కే ఖాళీ అవుతుంది. పెద్ద ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది, విడిగా హెల్త్ పాలసీ ఇప్పుడే అక్కర్లేదు.

అక్క చెప్పిన 912 అంటే ఒక్కొక్కరికి 436 జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 సురక్షా బీమా (ప్రమాద బీమా). ఒక్కోటి రెండు లక్షలు. జీవన్ జ్యోతిలో చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదమైతే తప్ప డబ్బు రాదు. చాలామందికి పాలసీ పోయేది ఖాతాలో డబ్బుల్లేక. మే 25 నుంచి 31 మధ్య కోసుకుంటారు, మే 20 కల్లా చెరో 500 ఉంచండి.

బిడ్డకు పదేండ్లు నిండకముందే పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవండి. ఏడాదికి 250 కట్టినా ఖాతా బతికే ఉంటుంది, బంగారం విడిపించాక పెంచుకోవచ్చు.