సెల్ఫ్ కొడితే సగం తిరిగి ఆగిపోతున్న రైడింగ్ మోవర్: మీకెవరికైనా ఇలా అయిందా?

తోటపని:
నమస్కారం అండీ. మాది పదేళ్ల నాటి రైడింగ్ మోవర్ (మీద కూర్చుని నడిపే గడ్డి కోసే యంత్రం), సింగిల్ సిలిండర్ ఇంజన్. నెల రోజులుగా ఒకటే సమస్య. తాళం తిప్పగానే సెల్ఫ్ అందుకుంటుంది, ఇంజన్ సగం చుట్టు తిరుగుతుంది, అక్కడ ‘ఠక్’మని ఆగిపోతుంది. వదిలేసి మళ్లీ తిప్పినా అంతే. ఐదారుసార్లు ప్రయత్నిస్తే ఎప్పుడో ఆ అడ్డు దాటి స్టార్ట్ అవుతుంది. ఒకసారి స్టార్ట్ అయితే ఇక గంటసేపు ఏ ఇబ్బందీ ఉండదు.

కొత్త బ్యాటరీ వేశాను. రెండు రోజులు బాగానే ఉంది, మళ్లీ మొదటికే వచ్చింది. రిపేరు షాపులో చూపిస్తే సెల్ఫ్ మోటార్ మార్చాలన్నారు. అది మార్చాకా ఇలాగే ఉంటే ఏం చేయాలన్నదే నా టెన్షన్. ఇంకో సంగతి, కోసిన చోట ఒక పక్క గడ్డి ఎత్తుగా మిగిలిపోతోంది. ఈ రెండింటికీ సంబంధం ఉందంటారా?

వైరింగ్_నేస్తం:
రెండూ వేర్వేరు సంగతులండీ. ముందు స్టార్టింగ్ చూద్దాం.

సీటు స్విచ్, బ్రేకు స్విచ్, బ్లేడు స్విచ్‌లలో ఏది పాడైనా సాధారణంగా సెల్ఫ్ తిరగదు, లేదా ఇంజన్ అందుకోదు; ఇలా సగంలో ఆగదు. మీది సగం తిరుగుతోంది కాబట్టి వాటి జోలికి వెళ్లకండి. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ దగ్గర చూడండి. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.6 కంటే కిందికి పడకూడదు. పడకపోతే బ్యాటరీ తప్పు కాదు.

ఎర్త్ వైరు మాత్రం తప్పకుండా చూడండి. చాసిస్‌కు బిగించిన చోట పెయింటు కింద తుప్పు పడుతుంది, పైకి ఏమీ కనిపించదు. నేను మూడు వారాలు వెతికి వెతికి చివరికి ఆ ఒక్క బోల్టు విప్పి ఎమరీ కాగితంతో రుద్దితే సరిపోయింది.

పాత_పానా:
తోటపని గారూ, సెల్ఫ్ మోటార్ కొనకండి. మీరు చెప్పిన తీరు చూస్తే నాకు ట్యాపెట్ల మీదే, అంటే వాల్వులను నెట్టే భాగాల సందు మీదే అనుమానం.

ఈ ఇంజన్లలో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చాలా ఎక్కువ. చిన్న సెల్ఫ్ మోటార్ దాన్ని నెట్టలేదు. అందుకే కామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) మీద ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం అది ఒక వాల్వును వెంట్రుకవాసి తెరిచి పట్టుకుని కొంత గాలిని వదిలేస్తుంది. ఇంజన్ వేగం అందుకోగానే పక్కకు తప్పుకుంటుంది. అది వాల్వును ఎత్తేది చాలా కొంచెం. ఏళ్ల తరబడి అరిగి ట్యాపెట్ గ్యాప్ పెరిగితే, ఆ కొంచెం కాస్తా గ్యాప్‌లోనే ఖర్చయిపోతుంది. వాల్వు తెరుచుకోదు. పిస్టన్ పూర్తి కంప్రెషన్‌కు ఎదురెళ్లి ఆగిపోతుంది. మీకు వచ్చే ‘ఠక్’ అదే.

కొత్త బ్యాటరీకి బలం ఎక్కువ కాబట్టి రెండు రోజులు నెట్టుకొచ్చింది. చాలామంది ఇక్కడే పొరబడి బ్యాటరీ, సోలెనాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు పంపే స్విచ్), సెల్ఫ్ వరసగా మార్చుకుంటూ పోతారు. చూస్తుంటే బాధేస్తుంది.

తేల్చుకోవాలంటే ప్లగ్ విప్పి, ప్లగ్ వైరును దూరంగా కట్టేసి సెల్ఫ్ కొట్టండి. గిరగిరా తిరిగిందంటే సెల్ఫ్, బ్యాటరీ రెండూ బాగున్నట్టే.

రెండెకరాలు:
ఆ పని చేసే ముందు ఒక్క మాట. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం గీత దాటి ఉన్నా ఆగిపోండి.

మా మోవర్‌కూ సరిగ్గా ఇవే లక్షణాలు వచ్చాయి, కారణం మాత్రం వేరు. కార్బురేటర్‌లో ఫ్లోటుతో పాటు కదిలి పెట్రోలు దారిని మూసే నీడిల్ సరిగా మూసుకోక, రాత్రంతా ట్యాంకులోని పెట్రోలు సిలిండర్‌లోకి దిగింది. ద్రవం గాలిలాగా నలగదు కదా, పిస్టన్ అక్కడే ఆగిపోయింది. అది తెలియక నేను మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టాను. కనెక్టింగ్ రాడ్ వంగకపోవడం నా అదృష్టం. తర్వాత ప్లగ్ విప్పి తిప్పితే ఆ రంధ్రంలోంచి పెట్రోలు చిమ్మింది. ఆ సమయంలో దగ్గర్లో నిప్పురవ్వ ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. అందుకే పాత_పానా గారు వైరు దూరంగా కట్టమన్న మాట తేలిగ్గా తీసుకోకండి.

పెట్రోలు కలిసిన ఆయిల్ పలుచబడి బేరింగులను తినేస్తుంది. నీడిల్ మార్చి, ఆయిల్, ఫిల్టర్ కూడా మార్చాకే స్టార్ట్ చేశాను. ట్యాంకు కింద ఒక చిన్న కుళాయి వేయించుకున్నాను, పని అవగానే కట్టేస్తాను.

తోటపని:
ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది, పెట్రోలు వాసన లేదు. ఎర్త్ బోల్టు శుభ్రం చేశాను, తేడా రాలేదు. ప్లగ్ తీసి కొడితే ఇంజన్ ఎంత హాయిగా తిరిగిందో! అంటే ట్యాపెట్లేనన్నమాట. దీనికి ఇంజన్ మొత్తం విప్పాలా? నాకు ఆయిల్ మార్చడం, ప్లగ్ మార్చడం తప్ప ఏమీ రాదు.

పాత_పానా:
ఇంజన్ విప్పనక్కర్లేదు. సిలిండర్ తల మీద ఉన్న వాల్వ్ కవర్ తీస్తే చాలు. కొత్త గ్యాస్కెట్ (కవర్ కింద వేసే సీలు), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకులు) దగ్గర పెట్టుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి.

ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. గాలి వేలిని నెడుతోందంటే అది కంప్రెషన్ స్ట్రోకు. అప్పుడు రంధ్రంలో ఒక ప్లాస్టిక్ స్ట్రా దించి తిప్పుతూ ఉంటే అది పైకి లేస్తుంది, ఒక చోట ఆగి కిందికి దిగడం మొదలవుతుంది. పైనుంచి సుమారు 6 మి.మీ. దిగాక ఆపండి. సరిగ్గా పైన ఉన్నప్పుడు కొలిస్తే, నేను చెప్పిన ఆ చిన్న ఏర్పాటు ఇంకా వాల్వును తాకుతూ ఉండి కొలత తప్పు రావచ్చు. ఈ ఒక్క విషయం తెలియక రెండుసార్లు సెట్ చేసినా కుదరనివాళ్లను చూశాను.

ఇప్పుడు రాకర్‌కు (వాల్వును నొక్కే మీటకు), వాల్వు కొసకు మధ్య గేజ్ పెట్టండి. నా ఇంజన్‌కు ఇన్‌టేక్ (గాలి లోపలికి వచ్చే వాల్వు) 0.08 నుంచి 0.13 మి.మీ., ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే వాల్వు) 0.13 నుంచి 0.18 మి.మీ. మీది మీ మాన్యువల్‌లోనే చూడండి, ఒక ఇంజన్ కొలత ఇంకోదానికి పనికిరాదు. కొన్నింటిలో హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ఒత్తిడితో సందును తామే సరిచేసుకునేవి) ఉంటాయి, వాటికి ఈ సెట్టింగే ఉండదు.

గేజ్‌ను లాగితే చిక్కటి పెరుగులోంచి చెంచా లాగినట్టు చిన్న పట్టు తెలియాలి. గ్యాప్ సరిచేసి లాక్ బిగించేటప్పుడు అది మారిపోతుంది, బిగించాక మళ్లీ కొలవండి. ఆ తర్వాత ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూడండి.

మామిడినీడ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా మోవర్ గతుకుల్లో వెళ్లేటప్పుడు ఒక్క క్షణం ఆగి అందుకుంటోంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతోంది. సీటు స్విచ్‌ను తప్పించి వైరు కలిపేస్తే సరిపోతుందని ఒకాయన చెప్పారు. కలిపేయనా?

వైరింగ్_నేస్తం:
దయచేసి వద్దు. మనిషి సీటు మీంచి పడిపోతే బ్లేడును ఆపేది ఆ స్విచ్చే. వాలులో మోవర్ తిరగబడిన సందర్భం ఊహించుకోండి. ఇంట్లో పిల్లలుంటే ఇక చెప్పనే అక్కర్లేదు. కొత్త స్విచ్ మార్చడం పది నిమిషాల పని. దానికంటే ముందు సీటు కింద కనెక్టర్ వదులైందేమో, సీటు స్ప్రింగులు తుప్పు పట్టి మెత్తబడ్డాయేమో చూడండి. ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

రెండెకరాలు:
మామిడినీడ గారూ, గతుకులు లేని చోట కూడా అరగంట నడిచాక ఆగిపోతోందా? అలా అయితే ట్యాంకు మూత చూడండి. మూతలోని సన్నటి రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే ట్యాంకులోకి గాలి రాదు, పెట్రోలు దిగదు. ఆగిన వెంటనే మూత వదులు చేసి చూడండి, ‘సుస్’మని గాలి లాక్కుంటే దోషం అదే.

తోటపని:
అందరికీ శుభవార్త. నిన్న పొద్దున కూర్చుని చేశాను. ఇన్‌టేక్ గ్యాప్ 0.30 మి.మీ. ఉంది! ఎగ్జాస్ట్ దాదాపు సరిగ్గానే ఉంది. ఇన్‌టేక్‌ను 0.10కి తెచ్చి, గ్యాస్కెట్ వేసి బిగించాను. తాళం తిప్పగానే ఒక్క పెట్టున అందుకుంది. నమ్మలేక ఆపి మళ్లీ స్టార్ట్ చేశాను, అలా నాలుగుసార్లు. పాత_పానా గారూ, మీకు రుణపడి ఉంటాను.

ఇక ఎత్తుగా మిగిలే గడ్డి సంగతి చెప్పండి.

పచ్చికబాట:
ఇది నాకు ఇష్టమైన విషయం. డెక్‌ను (బ్లేడ్లుండే కింది రేకు పెట్టెను) ముట్టుకునే ముందు టైర్లలో గాలి చూడండి. ఒక పక్క గాలి తగ్గితే డెక్ ఆ పక్కకే వాలుతుంది. చాలామంది ముందే డెక్ ఎత్తు సరిచేసే లింకులు తిప్పేసి, తర్వాత గాలి కొట్టి, మళ్లీ మొదటికొస్తారు.

గాలి సరిచేశాక సమంగా ఉన్న నేల మీద నిలిపి, ప్లగ్ వైరు పీకేసి, మందపాటి గ్లౌజులు వేసుకుని బ్లేడు కొసలను కొలవండి. రెండు పక్కలా ఒకే ఎత్తు ఉండాలి. ముందువైపు మాత్రం వెనక కంటే 3 నుంచి 6 మి.మీ. కిందికి ఉండాలి. వెనక కూడా అంతే దిగితే కోసిన గడ్డినే మళ్లీ కోస్తూ ఇంజన్ అలసిపోతుంది.

పదును కూడా చూడండి. కోసిన మర్నాడు గడ్డి కొసలు తెల్లగా చీలి, తర్వాత గోధుమ రంగుకు తిరిగితే బ్లేడు కోయడం లేదు, చింపుతోందన్నమాట. ఆకురాయితో పాత కోణంలోనే పదును పెట్టి, మధ్య రంధ్రాన్ని మేకుకు తగిలించండి. ఏ పక్క కిందికి దిగితే ఆ పక్క ఇంకొంచెం అరగదీయాలి. బరువు తేడా ఉన్న బ్లేడు స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బేరింగును తొందరగా తినేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు రెక్కలాగా లేచిన వైపు డెక్ వైపుకు, అంటే పైకి ఉండాలి.

పాత_పానా:
డెక్ విప్పితే బెల్ట్ ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తోందో ముందే ఫోటో తీసుకోండి. డెక్ కింద పేరుకున్న గడ్డిని కూడా గీకేయండి. అది తడి పీల్చుకుని రేకును తినేస్తుంది. ప్రెషర్ వాషర్ మాత్రం స్పిండిళ్ల మీద కొట్టకండి, నీళ్లు బేరింగుల్లోకి వెళ్తాయి.

తోటపని:
ఎడమ వెనక టైరులో గాలి సగమే ఉంది. మాన్యువల్‌లో ఉన్నట్టు ముందు 14, వెనక 10 పీఎస్ఐ కొట్టాక తేడా చాలావరకు పోయింది. బ్లేడ్లు విప్పాను, ఒకటి కొస దగ్గర రాయి తగిలి వంగి ఉంది. అది పదునుకు పనికిరాదనిపించి కొత్తది తెప్పిస్తున్నాను.

మామిడినీడ:
మాది సీటు కింద కనెక్టరేనండీ. ఒక పిన్ పచ్చగా చిలుము పట్టి ఉంది. శుభ్రం చేసి నొక్కి పెట్టాను, ఇవాళ తోటంతా తిరిగినా ఎక్కడా ఆగలేదు.