టీఎస్‌హెచ్ నార్మలే, అయినా అత్తగారికి ముద్ద దిగడం లేదు

గోపాలపట్నం కోడలు:
మా అత్తగారికి 72 ఏళ్లు. థైరాయిడ్ తక్కువని చాలాకాలంగా మాత్ర వాడుతున్నారు. ఈమధ్య అన్నం ముద్ద ఇక్కడే ఆగిపోతోందని మెడ కింద గుంట చూపిస్తున్నారు. ముద్దముద్దకీ నీళ్లు తాగాల్సిందే. చోడంబలి, మజ్జిగన్నం మాత్రం దిగుతున్నాయి. థైరాయిడ్ రక్తపరీక్ష, అదే టీఎస్‌హెచ్, చేయిస్తే నార్మల్. క్లినిక్‌లో "వయసు కదమ్మా" అనేశారు. ఇంకోటి, దీనికి సంబంధం ఉందో లేదో గానీ, దండెం మీద బట్టలు ఆరేస్తూ చేతులు పైకెత్తితే మొహం కందిపోయి ఆయాసపడుతున్నారు. రిపోర్టు బాగుంది కాబట్టి థైరాయిడ్ కాదనుకోవాలా? ఎవరికి చూపించాలి?

సీతమ్మధార రిటైర్డ్ సిస్టర్:
అమ్మా, ఆ దండెం సంగతే ముఖ్యం. టీఎస్‌హెచ్ హార్మోన్ సంగతి చెబుతుందే గానీ గ్రంథి ఎంత పెరిగిందో చెప్పదు. రిపోర్టు నార్మల్‌గా ఉన్నా గడ్డ పెద్దదై అన్నవాహికని నొక్కొచ్చు. కొందరికి అది ఛాతీ ఎముక వెనక్కి దిగుతుంది, బయటికి పెద్దగా కనపడదు. చేతులెత్తినప్పుడు అక్కడ ఇరుకై రక్తనాళాలు ఒత్తుకుంటే మొహం ఎర్రబడుతుంది. ఆవిడకి అదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఈఎన్‌టీకో, ఎండోక్రైనాలజీకో (హార్మోన్ల డాక్టర్లు) చూపించండి, విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. మెడకి అల్ట్రాసౌండ్ తీస్తారు. ఎముక వెనక భాగం అందులో సరిగ్గా అందదు, సీటీ అవసరం పడొచ్చు. దండెం సంగతి నువ్వే చెప్పు, వాళ్లు అడగకపోవచ్చు. వయసు అంటే నాకు ఒళ్లు మండుతుంది. వయసుకి నమలడం నెమ్మదిస్తుంది, ముద్ద అడ్డం పడితే మాత్రం కారణం వెతకాల్సిందే.

గాజువాక అబ్బాయి:
మా నాన్నగారికీ ఇంతే, థైరాయిడే అనుకున్నాం. ఎండోస్కోపీ చేస్తే ఎసిడిటీ వల్ల అన్నవాహిక సన్నబడిందని తేలింది. థైరాయిడ్ ఉంది కదా అని అంతా దానిమీదకే తోసెయ్యకండి. బరువు తగ్గారా? గొంతు బొంగురుపోయిందా? నీళ్లకి పొలమారుతోందా?

గోపాలపట్నం కోడలు:
పొలమారడం లేదండీ. గొంతు బొంగురుగానే ఉంది, జలుబనుకున్నాం. జాకెట్లు వదులయ్యాయి. మాత్ర కూడా అంటుకుంటోందని కాఫీతో మింగుతున్నారు.

సీతమ్మధార రిటైర్డ్ సిస్టర్:
అయితే ఈ వారమే వెళ్లండి. ఊపిరి తీస్తుంటే ఈల లాంటి శబ్దం వచ్చినా, ఉమ్ము కూడా మింగలేకపోయినా ఓపీ కోసం ఆగొద్దు, క్యాజువాలిటీకే. కాఫీతో ఆ మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు. పరగడుపున నీళ్లతో వేసి, కనీసం అరగంటాగి కాఫీ ఇవ్వు. కాల్షియం మాత్ర ఉంటే నాలుగు గంటల ఎడం. డోసు మీరు మార్చకండి. పాత రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి.