సింగపూర్‌కు కుటుంబంతో, చీరల వ్యాపారంతో రాబోతున్నాను: పెద్దల సలహా కావాలి

ప్రశ్న (మంగళగిరి నుండి)

అందరికీ నమస్కారం. మా వారికి సింగపూర్‌లో ఉద్యోగం ఖాయమైంది. మాకు ఎనిమిదేళ్ల బాబు ఉన్నాడు. నేను ఆరేళ్లుగా వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ద్వారా మంగళగిరి నేత చీరలు అమ్ముతున్నాను. నెలకు అరవై డెబ్బై చీరలు వెళ్తాయి. అక్కడికి వచ్చాక ఈ పని ఆగకుండా ఎలా నడుపుకోవాలో, ఇల్లు ఎక్కడ, ఎలా చూసుకోవాలో చెప్పగలరు.

పుంగోల్ నుండి (14 ఏళ్లుగా ఇక్కడే)

అమ్మా, ఇంటి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ వారి ఆఫర్ లెటరు తీసి, అందులో స్థిరమైన నెల జీతం ఎంత రాశారో చూడండి. ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు, అంటే మీ వారి ఉద్యోగ అనుమతికి, కనీస జీతాన్ని 2025 జనవరి నుండి 5,600 సింగపూర్ డాలర్లు చేశారు, వయసు పెరిగే కొద్దీ అది ఇంకా పెరుగుతుంది. కానీ భార్యాబిడ్డలకు డిపెండెంట్ పాస్ రావాలంటే స్థిర జీతం 6,000 డాలర్లు ఉండాలి. బోనసు, ఓవర్‌టైము లెక్కలోకి రావు. ఈ నాలుగు వందల తేడా తెలియక ఉద్యోగంలో చేరి, ఇల్లాలినీ పిల్లలనూ ఏడాదిన్నర పాటు విజయవాడలోనే ఉంచుకోవలసి వచ్చిన కుటుంబాన్ని నేను దగ్గరగా చూశాను. సంతకం చేయక ముందే ఈ మాట అడగాలి.

ఇక వ్యాపారం. 2021 మే 1 నుండి డిపెండెంట్ పాస్ మీద ఉన్నవారు ఇక్కడ ఉద్యోగం చేయాలంటే సొంతంగా వర్క్ పాస్ తెచ్చుకోవాలి. సొంత వ్యాపారం ఉన్నవారికి మాత్రం అనుమతి పత్రం ఇస్తారు. అయితే కంపెనీలో మీ వాటా కనీసం 30 శాతం ఉండాలి, స్థానికుల్లో ఒకరికైనా ఉద్యోగం ఇచ్చి సీపీఎఫ్ (ఇక్కడి భవిష్యనిధి) కట్టాలి. ఆ ఉద్యోగికి ఇవ్వవలసిన కనీస జీతాన్ని 2024 జులైలో 1,600 డాలర్లకు పెంచారు. నెలకు డెబ్బై చీరల మీద వచ్చే మిగులులో ఆ జీతం పోతే మీకేం మిగులుతుందో కాగితం మీద లెక్క వేసుకోండి.

టాంపనీస్ నుండి

పుంగోల్ అన్నగారు చెప్పిన నిబంధనలు సరైనవే గాని, ఈ సోదరి ఇక్కడ కంపెనీ పెట్టాలని ఎందుకు అనుకోవాలి? సరుకు, ప్యాకింగు, బ్యాంకు ఖాతా మంగళగిరిలోనే, నమ్మకమైన ఇంటి మనిషి చేతిలో ఉంచడం మేలు. చీరలు ఇక్కడికి తెప్పించి నిలవ పెడితే దిగుమతి మీద 9 శాతం జీఎస్టీ పడుతుంది. ఏడాది అమ్మకాలు పది లక్షల డాలర్లు దాటని చిన్న వ్యాపారానికి జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు, కానీ నమోదు లేకపోతే కట్టిన ఆ పన్ను తిరిగి రాదు. అంటే ప్రతి చీర మీదా అది మీ చేతి నుండే పోతుంది.

పుంగోల్ నుండి

తమ్ముడూ, సరుకు అక్కడే ఉండాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. నా భయం దీపావళి ముందు రోజుల గురించి. స్నేహితురాలు పిలిచిందని ఒక హాలులో బల్ల వేసి నాలుగు చీరలు పరిస్తే, అది ఇక్కడ చేసిన వ్యాపారమే అవుతుంది. అమ్మా, మీ పాస్ మీ వారి ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది కనుక, పొరపాటు మీదైనా దెబ్బ ఇంటిల్లిపాదికీ తగులుతుంది. మీరు చేయబోయే పనిని ఉన్నదున్నట్టు వివరించి ఈ పాస్‌లు ఇచ్చే మానవశక్తి మంత్రిత్వ శాఖకు రాయండి, వచ్చిన జవాబును భద్రపరచుకోండి.

బుకిట్ బటోక్ నుండి

ఆమె అడిగిన ఇంటి మాట మిగిలిపోయింది. మేము రెండేళ్ల ఒప్పందం మీద ఒక కాండో (ప్రైవేటు అపార్ట్‌మెంటు) తీసుకుని, ఆనవాయితీ ప్రకారం రెండు నెలల అద్దె డిపాజిట్ కట్టాము. ఖాళీ చేసిన రోజు యజమాని వంటగదిలోకి వచ్చి, స్టవ్ పక్కన తెల్లరాతి గట్టు మీద బొటనవేలంత పసుపు మరకను, పైఅరలకు పట్టిన నూనె జిడ్డును చూపించి, "మీ వంటల వల్ల ఇల్లంతా పాడైంది" అన్నారు. 4,200 డాలర్లు ఆపేశారు. ఏసీని మూడు నెలలకోసారి శుభ్రం చేయించిన రసీదులు ఏడు ఉన్నాయి, ఎనిమిదోది దొరకలేదు. దానికీ కోత వేశారు. ఇల్లు చేతికిచ్చిన రోజు అన్ని గదులూ ఫొటోలు తీసిన నేను ఆ గట్టును తీయలేదు. చివరకు చిన్న దావాల ట్రిబ్యునల్‌లో పది డాలర్ల రుసుముతో దావా వేశాను. రెండేళ్లు మించని నివాస ఒప్పందాల తగాదాలను అక్కడ వింటారు, లాయరు అవసరం లేదు. విచారణకు ముందే రాజీ కుదిరి 2,900 డాలర్లు తిరిగి వచ్చాయి, కానీ యజమాని అన్న ఆ మాట నా భార్య మనసులో నుండి ఈనాటికీ పోలేదు.

అందుకని తాలింపు పెట్టే వంట మనదని ఏజెంటుకు ముందే చెప్పండి. రెండేళ్ల ఒప్పందమైతే, ఉద్యోగం పోయి దేశం విడవవలసి వస్తే ఏడాది తర్వాత రెండు నెలల నోటీసుతో వెళ్లిపోయే వెసులుబాటును, డిప్లొమాటిక్ క్లాజును, అందులో రాయించండి. ప్రభుత్వ గృహ సంస్థ కట్టిన హెచ్‌డీబీ ఫ్లాటు అద్దె ఎంతో తక్కువ, కనీసం ఆరు నెలలకు తీసుకోవాలి. దాని డిపాజిట్ గాని, అద్దె గాని ఏజెంటు చేతికి ఇవ్వకండి. ఆ సొమ్ము తీసుకోవడం వారికి నిషిద్ధం.

పుంగోల్ నుండి

హెచ్‌డీబీలో జాతుల కోటా కూడా ఉంటుంది, భారతీయుల వంతు నిండితే ఇల్లు దొరకదు.

బుకిట్ బటోక్ నుండి

అన్నగారూ, క్షమించాలి, అది అమ్మకాలకు. అద్దెకు వర్తించేది విదేశీయుల కోటా: పేటలో 8 శాతం, బ్లాకులో 11 శాతం. ఒక బ్లాకులో కాదంటే పక్క బ్లాకులో దొరకవచ్చు.

సెంగ్‌కాంగ్ నుండి

చెల్లెమ్మా, బాబు సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రభుత్వ బడిలో మధ్యలో చేరాలంటే విదేశీ పిల్లలకు పెట్టే ఏఈఐఎస్ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు, గణితం రాయాలి. ఉత్తీర్ణుడైనా కోరుకున్న బడి వస్తుందన్న హామీ లేదు. మాతృభాష పాఠంగా తమిళంతో పాటు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి గాని తెలుగు లేదు. మా అమ్మాయి హిందీ తీసుకుంది. తెలుగు అక్షరాలు రోజూ రాత్రి భోజనాలయ్యాక నేనే దిద్దించాను.

ఇంకొకటి, ఈ వారమే చేయవలసింది. పన్నెండేళ్లు, ఆ లోపు వయసున్న పిల్లలకు డిపెండెంట్ పాస్ దరఖాస్తుకు ముందే డిఫ్తీరియా, తట్టు టీకాల రుజువు చూపించాలి. మా పాప టీకా కార్డులో తారీఖుల మీద సిరా అలుక్కుపోయి, గుంటూరులో పిల్లల డాక్టరు దగ్గరకు మా నాన్నగారు మూడుసార్లు తిరిగారు. మీరు ఊళ్లో ఉండగానే పేరు, పుట్టిన తేదీ, డోసుల తారీఖులు ఇంగ్లీషులో స్పష్టంగా రాయించి, ముద్ర వేయించుకోండి.