లాక్రాస్ షాఫ్ట్ ఏది తీసుకోవాలె? మా బిడ్డకు మొదటి కట్టె

దేవరకొండ_నాన్న:
మా బిడ్డకు 13 ఏండ్లు, ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. బడిల పీఈటీ సారు లాక్రాస్ మొదలువెట్టిండు, కట్టె కొసకున్న వలతోని బాలు పట్టి విసిరే ఆట. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ల ఈ ఆట ఉంటదని చెప్పిన కాన్నుంచి ఇంట్ల అదే ముచ్చట. వల కట్టిన తల సారే ఇస్తడట, షాఫ్ట్, అంటే చేత్తోని పట్టే కట్టె, మేం కొనాలె. అల్యూమినియమా, కార్బనా? పొడుగెంత? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు_గోలీ:
అన్నా, ముందుగాల ఆ తలకు షాఫ్ట్ దూరే రంధ్రం కొలువు. మగపిల్లల షాఫ్ట్ మందం 1 అంగుళం. ఆడపిల్లలయి కొన్ని 7/8 అంగుళం, కొన్ని 1. నేను కొలువకుండ మా చెల్లెకు ఆన్‌లైన్‌ల సన్నది తెప్పించిన. తల లొడలొడ. మూడు చుట్లు టేపు చుట్టి స్క్రూ బిగించినం, అయినా గట్టిగ పాస్ ఇచ్చినప్పుడల్లా తల జరంత తిరిగేది, బాలు ఇంకో దిక్కు పోయేది. వాపస్ తీస్కోమంటే అమ్మినోళ్లు తీస్కోలె. ఆ పిల్ల నెలరోజులు తప్పంతా తన చేతిదే అనుకున్నది. అదే నాకు ఇప్పటికీ బాధ.

మిర్యాలగూడ_అక్క:
మా తమ్ముని కొడుకు అమెరికాల మేరీలాండ్‌ల ఆడుతడు. 2004 నుంచి లాక్రాస్ ఆ రాష్ట్రం అధికారిక జట్టు ఆట. చలికి లోహం చేతిల జిల్లుమంటదని అక్కడ కార్బన్ మెచ్చుకుంటరు. మనకాడ బాధ ఎండతోని. పోయిన ఏప్రిల్‌ల ఇక్కడ ఒక పిల్లగాడు అల్యూమినియం కట్టెను గోడకు ఆనిచ్చి నీళ్లు తాగొచ్చిండు, పట్టుకోంగనే అరచెయ్యి చురుక్కుమన్నది. చేతులు పట్టే రెండు చోట్ల బట్ట టేపు చుట్టుకున్నంకనే మళ్ల ఆడిండు.

నల్లగొండ_కోచ్:
మొదటి కట్టె అల్యూమినియమే తీస్కోండి. మన గ్రౌండ్లన్నీ మొరం. కిందపడితే దానికి సొట్ట పడుతది, కంటికి కనవడుతది. కార్బన్‌కు సొట్ట పడదు, సన్నగ పగులుతది. గోరు పెట్టి నిమిరితేనే దొరుకుతది, చూడకపోతే ఆట నడిమిట్ల విరుగుతది. కార్బన్ వంగి షాట్‌కు ఊపునిచ్చే మాట నిజమే, అది రెండో ఏడు సంగతి.

పొడుగు తొందరపడి కొయ్యకుండ్రి. ఆడపిల్లల కట్టె తలతోని కలిపి 35.5 అంగుళాలకు తగ్గొద్దు, 43.25 దాటొద్దు. తల బిగించినంక ఉరికిచ్చి చూడుండ్రి. అడుగు కొస కడుపుకు తాకుతుంటే అప్పుడు కొయ్యాలె, అదీ అడుగు దిక్కే. హాక్సా బ్లేడుతో ఒకసారికి అర అంగుళం, ఆకురాయితో అంచు రాకి రబ్బరు టోపీ పెట్టాలె. ఆ టోపీ లేకుండ గ్రౌండ్‌లకు పంపకుండ్రి. కార్బన్ కోస్తే మాత్రం ముక్కుకు మాస్క్ కట్టుకోండి, దాని పొడి మంచిది కాదు.

హాలియా_కుర్రాడు:
డిఫెన్స్‌కు పొడుగు కట్టె కావాల్నా సార్?

నల్లగొండ_కోచ్:
అది మగోళ్ల పదిమంది ఆటల, 52 నుంచి 72 అంగుళాల దాక. ఒలింపిక్స్‌ల ఆడేది సిక్సెస్, అంటే జట్టుకు ఆరుగురు ఆడే ఆట. దాంట్ల పొడుగు కట్టె లేదు.

దేవరకొండ_నాన్న:
అందరికీ దండాలు. రంధ్రం కొలిచినం, 1 అంగుళం. 32 అంగుళాల అల్యూమినియం తెచ్చి రెండుసార్లు అర అంగుళం చొప్పున కోసినం. నిన్న పొద్దుమీకి ఎడమచేత్తోని పది బాల్స్‌ల ఆరు పట్టింది. కడుపుకు ఇంకా జర తాకుతుందంటున్నది. సోమవారం సారుకు చూపించినంకనే బ్లేడు ముట్టుకుంట.